పేరెక్కుట వేరు, చదువు వచ్చుట వేరు

గ్రామములోని బడియీడు పిల్లలందరి పేర్లు హాజరుపట్టీలో ఎక్కగానే మన పని ముగిసినదని తలచుట పరిపాటి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినములు, 800 బోధనా గంటలు ఉండవలెనని విధించినది. బడిగోడలకు సున్నము వేయించుటలో మనము చూపు శ్రద్ధ ఈ గంటల లెక్కపై అంతగా కానరాదు.

మూడవ తరగతిలోను అక్షరములు కూడబలుక్కొను బాలుడు లెక్కల ప్రశ్నను సైతము చదివి గ్రహింపజాలడు. వెనుకబాటు ఏటేట పెరిగి, కడకు బడి మానును. ఇందుకు 'ప్రథమ్' సంస్థ అనుసరించిన పద్ధతి సులభమైనది. పిల్లలను తరగతిని బట్టి గాక, అక్షరము, పదము, పేరా, కథ అను స్థాయిని బట్టి జట్లుగా కూర్చి, ఆ స్థాయిలోనే బోధింతురు. 2012-13లో హర్యానాలో ఇందుకై ప్రతిదినము ఒక గంట ప్రత్యేకించిన బడులలో పిల్లల పఠనము మెరుగుపడినది. శిక్షణ, పుస్తకములు మాత్రమే ఇచ్చి ఊరకున్న బీహారు బడులలో చెప్పుకోదగిన ఫలితము కానరాలేదు. కావలసినది వేళ, ధనము తరువాతి మాట.

చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడువంతులు తలిదండ్రులుండవలెను. స్థానిక సంస్థ ప్రతినిధులకును చోటు గలదు. ఆ చోటున నున్న సభ్యుడు నాలుగవ తరగతి పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి, రెండవ తరగతి వాచకమునుండి ఒక పేరా చదివించి వినవలెను. ఇది ఉపాధ్యాయుని తప్పుపట్టుటకు గాదు. ఏ జట్టున ఎందరున్నారో తెలిసికొని, ఆ గంటను దినచర్యలో చేర్పించుటకు.