చెకప్ తేదీ దగ్గరపడినప్పుడు

హనుమకొండ

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ దీవించి రాయునది.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ ఏడాది మామోగ్రామ్‌ను నువ్వు రెండోసారి వాయిదా వేశావట. ఆఫీసులో రిలీజ్ ఉందన్నావట. అదే నువ్వు, పోయిన నెల వీపు నొప్పి వస్తే ఎవరికీ చెప్పకుండా నాలుగు ల్యాబులకు ఫోన్ చేసి పెట్ స్కాన్‌కు ఎంతవుతుందని అడిగావట. మీ అమ్మకు ఈ రెండూ పొసగడం లేదు. "పరీక్షంటే పారిపోతోందా, పరీక్షల వెంట పరుగెడుతోందా, నాకేం అంతుబట్టట్లేదక్కా" అంది. నాకు అంతుబట్టింది తల్లీ. నేనూ ఆ దారినే వచ్చాను. రెండూ భయం చేయించే పనులే. ఒకరోజు అసలు వెళ్లకు అంటుంది, మరోరోజు ఉన్న పరీక్షలన్నీ ఇప్పుడే చేయించుకో అంటుంది. అందుకే నీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఎప్పుడు ఏ పరీక్ష కావాలో నువ్వూ మీ డాక్టరూ మనసు నిమ్మళంగా ఉన్న రోజు కూర్చుని తేల్చుకోండి. తేల్చుకున్నాక ఆ విషయంలో భయాన్ని సలహా అడగకు.

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స నడుస్తున్నన్నాళ్లూ నువ్వు గట్టిగా నిలబడ్డావు. అప్పుడు కీమోకు ఒక తేదీ ఉండేది, రేడియేషన్‌కు ఒక టైము ఉండేది, రోజూ ఎవరో ఒకరు నిన్ను చూసేవాళ్లు. అన్నీ ముగిశాక "మూడు నెలల తర్వాత రండి" అని పంపించేసరికి మనిషికి దిక్కు తోచదు. ఇంట్లోవాళ్లు గండం గడిచిందని స్వీట్లు పంచుతుంటే మనకు లోపల గుబులు మొదలవుతుంది. దాన్ని నీ పిరికితనం అనుకోకు. జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయం చికిత్స అయినవాళ్లలో ఎంత మామూలంటే, దాన్ని తగ్గించడానికే ప్రత్యేకంగా ఐదు విడతల కౌన్సెలింగ్ పద్ధతి ఒకటి తయారుచేసి, ఆస్ట్రేలియాలో పరీక్షించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. ఆ భయం నిజంగానే తగ్గింది. అంటే ఇది ఓర్చుకోవడం తప్ప దారిలేని బాధ కాదు.

నువ్వు ఒంటరిదానివీ కావు. 2020లో వచ్చిన జాతీయ క్యాన్సర్ నమోదు నివేదికలో హైదరాబాద్ జిల్లా లెక్క ఏడాదికి లక్ష మంది మహిళలకు 48 రొమ్ము క్యాన్సర్ కేసులు. అందులోని ప్రాంతాలన్నిటిలోకీ అదే ఎక్కువ. నువ్వు రాయదుర్గంలో దిగే మెట్రో ఆడవాళ్ల పెట్టెలో, మీ టవర్ లిఫ్టులో, ఈ తేదీలు లెక్కపెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. బయటికి చెప్పరు, అంతే.

ఇక అసలు పని. చాలామంది డాక్టర్లు పాటించే పద్ధతి ఇది: డాక్టరు చేత్తో చూసే పరీక్ష మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, నాలుగు, ఐదో ఏళ్లలో 6 నుంచి 12 నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. మామోగ్రామ్ ఏడాదికోసారి. నీలా రొమ్ము ఉంచి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు రేడియేషన్ అయ్యాక కనీసం ఆర్నెల్లు ఆగి మొదటిది తీస్తారు. వాడిన మందును బట్టి కొందరికి గుండె ఎకో, కొందరికి ఎముకల సాంద్రత పరీక్ష చేరతాయి. ఒంట్లో ఏ లక్షణమూ లేనివాళ్లకు పెట్ స్కాన్, బోన్ స్కాన్, సీఏ 15-3 లాంటి ట్యూమర్ మార్కర్ల రక్తపరీక్షలు మామూలుగా చేయవద్దనే అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ చెబుతుంది.

"ముందుగా కనిపెడితే మంచిదే కదా పెద్దమ్మా" అంటావు. ఆ ప్రశ్న డాక్టర్లూ వేసుకున్నారు. 1994లో ఇటలీ నుంచి రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. వాటిలో ఒకదాంట్లో 1,300 మందికి పైగా స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఎముకల స్కాన్, ఛాతీ ఎక్స్‌రే, కాలేయం అల్ట్రాసౌండ్ వరసగా చేస్తూ వచ్చారు. రెండో జట్టుకు డాక్టరు పరీక్ష, మామోగ్రామ్ మాత్రమే. ఏళ్ల తరబడి చూసినా బతికిన కాలంలో తేడా లేదు, బతుకు తీరులోనూ తేడా లేదు. పైగా స్కాన్ తీస్తే ఏదో ఒక మచ్చ కనబడుతుంది. పాత దెబ్బ, పాత ఇన్ఫెక్షన్, అరిగిన కీలు, ఏదైనా కావచ్చు. అదేంటో తేలేదాకా ఇంకో స్కాన్, ఇంకో సూది, ఇంకో నెల నిద్ర లేకపోవడం. ట్యూమర్ మార్కర్ అంకె జబ్బు లేకపోయినా కాస్త పైకీ కిందికీ కదులుతుంది. మీ ఆఫీసు హెల్త్ చెకప్ ప్యాకేజీలో "ఇంకొంచెం కడితే క్యాన్సర్ మార్కర్లు కూడా" అని కనబడితే ఆ గడి మీద టిక్ పెట్టకు. అడగాలనిపిస్తే మీ ఆంకాలజిస్టును అడుగు.

మామోగ్రామ్ రోజు సంగతి చెబుతాను, తెలిసిన పనికి బెదురు తగ్గుతుంది. ఆ ఉదయం పౌడర్, డియోడరెంట్ వేసుకోకు. వాటి రేణువులు ఫిల్ములో తెల్ల చుక్కల్లా పడి అనవసరంగా కంగారు పెడతాయి. చీర గానీ, రెండు ముక్కల డ్రెస్ గానీ వేసుకెళ్తే పైది మాత్రం తీస్తే సరిపోతుంది. రేడియేషన్ తగిలిన వైపు కండ గట్టిపడి ఉంటుంది కాబట్టి పలక నొక్కినప్పుడు రెండోవైపు కన్నా ఎక్కువ నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి వేరే అర్థం లేదు. తీసే అమ్మాయితో ముందే "ఇటువైపు ఆపరేషన్ అయింది" అని చెప్పు, కుట్టు ఎక్కడుందో చూపించు. ఒక్కోసారి ఆ అమ్మాయి లోపలికెళ్లి వచ్చి "మేడమ్, ఇంకొక్క ఫిల్ము తీస్తాను" అంటుంది. ఆ మాటకు నా కాళ్లు ప్రతిసారీ వణికేవి. ఆపరేషన్ అయిన చోట మచ్చ కణజాలం ఉంటుంది, కొవ్వు గడ్డకట్టి ఉంటుంది. వాటిని సరిగా చూడటానికి మరో కోణంలో తీయడం రోజూ జరిగేదే.

పాత ఫిల్ములు, సీడీలు, ఆపరేషన్ నాటి బయాప్సీ రిపోర్టు ఒక ఫైల్లో పెట్టుకుని తప్పకుండా పట్టుకెళ్లు. పాత సర్వే పటం పక్కన లేకుండా పొలం హద్దు తేల్చలేనట్టే, పాత ఫిల్ము లేకుండా కొత్తదాంట్లో ఏది మారిందో డాక్టరు తేల్చలేరు. ఇల్లు మారినా, ఆసుపత్రి మారినా ఆ ఫైలు నీతోనే రావాలి.

మా రోజుల్లో రిపోర్టు కవరు డాక్టరు చేతికే వెళ్లేది. ఇప్పుడు డాక్టరు కన్నా ముందే మీ ఫోన్లో పడుతోంది. నువ్వు అమెరికా వాళ్లతో కాల్‌లో ఉన్నప్పుడు మెసేజ్ వస్తుంది, ఒక చేత్తో మ్యూట్ నొక్కి రెండో చేత్తో తెరుస్తావు. అలా తెరవకు. స్కాన్‌కూ డాక్టరును కలవడానికీ నడుమ వీలైనంత తక్కువ రోజులుండేలా రెండు అపాయింట్‌మెంట్లూ ఒకేసారి తీసుకో. ఈలోపు రిపోర్టు వస్తే అల్లుడు పక్కనున్నప్పుడే చూడు, లేదా డాక్టరు గదిలోనే చూడు. ఒకవేళ చూసేస్తే ఇంత తెలుసుకో: కింద బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ఉన్నది ప్రమాదం లేనిది. 3 అంటే దాదాపు ప్రమాదం లేనిదే, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకు మించదు, కొన్నాళ్లకు మళ్లీ చూస్తారు. 0 కనబడితే గుండె జారిపోతుంది గానీ, దానర్థం ఇంకో కోణంలో చూడాలి, లేదా పాత ఫిల్ముతో పోల్చాలి అని. 4, 5 అంటే బయాప్సీ చేసి తేల్చుకోవాలి. అప్పుడు కూడా ముందు తేలనివ్వాలి.

ఇప్పుడు నీ వీపు నొప్పి. ఒంటి మాట పెడచెవిన పెట్టమని నేను చెప్పను. రోజంతా కుర్చీలో కూర్చుంటావు, ఐదేళ్ల పిల్లను ఎత్తుకుంటావు, వీపు నొప్పి రావడానికి అది చాలు. అలాంటి నొప్పి వచ్చినప్పుడు తేదీ రాసిపెట్టుకుని రెండు వారాలు చూడు. తగ్గితే కొట్టేయి. తగ్గకపోయినా, పడుకున్నా వదలకుండా రాత్రిళ్లు ఎక్కువవుతున్నా ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకో. రొమ్ములో, కుట్టు మీద, చంకలో, మెడ ఎముక పైన కొత్తగా గడ్డ తగిలితే, చర్మం ఎర్రబడితే, చెయ్యి వాస్తే, పొడి దగ్గు పోకపోతే, తలనొప్పితో వాంతులవుతుంటే రాబోయే చెకప్ కోసం ఎదురుచూడకు. నువ్వు టామోక్సిఫెన్ వేసుకుంటున్నావు కాబట్టి ఇంకో రెండు: నెలసరి కాని రక్తస్రావం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం. రెండోది గానీ, ఆయాసం గానీ వస్తే ఆరోజే ఆసుపత్రికి పోవాలి. మాత్ర ఆపాలనిపిస్తే డాక్టరుకు చెప్పే ఆపు, నీ అంతట నువ్వు ఆపకు.

నాకూ వచ్చింది, నీకూ వచ్చింది. అందుకే జన్యు పరీక్ష గురించి అడుగు. మన తెలుగు సినిమాల నటి హంసానందిని 2021 డిసెంబరులో తన జబ్బు సంగతి తానే బయటపెట్టింది. తల్లిని ఈ జబ్బుకే పోగొట్టుకున్న పిల్ల, పరీక్షలో బీఆర్‌సీఏ1 జన్యువులో మార్పు ఉందని తేలింది. పదహారు విడతల కీమో పూర్తి చేసుకుని మళ్లీ షూటింగ్‌కు వెళ్లింది. నీకు అలాంటి మార్పు ఉందో లేదో తెలిస్తే నీ చెకప్ పద్ధతే మారవచ్చు, మీ చెల్లికీ దారి తెలుస్తుంది. పాపను తలుచుకుని కుమిలిపోకు. ఒకవేళ నీకు ఉన్నా తనకు వచ్చే అవకాశం సగమే. చిన్నపిల్లలకు ఆ పరీక్ష చేయరు. పెద్దదయ్యాక తానే నిర్ణయించుకుంటుంది.

అక్టోబరు రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల, అది వస్తే మీ ఐటీ కారిడార్ అంతా గులాబీ రంగే. హైదరాబాద్‌లో రొమ్ము సర్జన్ అయిన డాక్టర్ రఘురామ్ గారు రొమ్ము క్యాన్సర్‌ను దాటిన తన తల్లి, డాక్టర్ ఉషాలక్ష్మి పేరు మీద 2007లో పెట్టిన ఫౌండేషన్ చార్మినార్‌కు కూడా ఆ గులాబీ వెలుగు తెచ్చింది. తెలియనివాళ్లకు తెలియాలంటే అది కావాలి. కానీ నీకు తెలుసు. మీ హెచ్‌ఆర్ అవగాహన సెషన్ పెట్టి స్లైడ్ల మీద గడ్డల బొమ్మలు చూపిస్తుంటే, చూడలేక లేచి వస్తే అందులో తప్పేమీ లేదు. నీ సంగతి అక్కడ చెప్పాలనిపించిన ఏడు చెప్పు, అనిపించని ఏడు ఊరుకో.

రాత్రిళ్లు ఒంట్లో సెగలు పుట్టి మెలకువ వస్తే అప్పుడే పాడు ఆలోచనలన్నీ వస్తాయని నాకు తెలుసు. ఆ సెగలకూ మందులున్నాయి, డాక్టరును అడుగు. రాత్రి కాల్స్ కొన్నాళ్లు తప్పించమని మేనేజర్‌ను అడగడానికి మొహమాటపడకు. సాయంత్రం దుర్గం చెరువు గట్టున గానీ, బొటానికల్ గార్డెన్‌లో గానీ నడువు. వారానికి 150 నిమిషాలు చాలు. అప్పటికీ గుబులు పనికి, నిద్రకు అడ్డొస్తుంటే సైకాలజిస్టును కలువు. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉంది. 14416కు చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. గుబులుకు గానీ, సెగలకు గానీ డాక్టరు మందులు రాస్తామంటే టామోక్సిఫెన్ వాడుతున్నట్టు ముందే చెప్పు. ప్యారోక్సెటిన్, ఫ్లూఓక్సెటిన్ లాంటివి దాని పనిని తగ్గించే వీలుంది. వేరేవి ఉన్నాయి.

నీ చెకప్ ముందు మీ అమ్మ చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వస్తుంది. నీకు ఓపికుంటే తోడు వెళ్లు, దాని మనసు కుదుటపడుతుంది. కానీ మంగళవారం స్కాన్ వద్దని, పిల్లి ఎదురొచ్చిందని తేదీ మార్చే పని మాత్రం పెట్టుకోకు.

నేను చెకప్‌కు బసవతారకం ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా హాల్లో పక్కన కూర్చున్నావిడ "నీకెన్నేళ్లయిందమ్మా?" అని అడిగేది. చికిత్స అయి ఎన్నేళ్లయిందని. ఒకరు రెండంటారు, ఒకరు తొమ్మిదంటారు, కర్నూలు నుంచి వచ్చిన పెద్దావిడ ఇరవై దాటిందంటుంది. ఆ ఇరవై దాటినావిడా ఫైలును గుండెకు హత్తుకునే కూర్చుని ఉండేది. ఆవిడకూ భయమే. అయినా వచ్చింది.

అందుకే చెబుతున్నాను, భయం పోయాక వెళ్దామని చూడకు. ఇన్నేళ్లయినా అలాంటి రోజు నాకు రాలేదు, దానికోసం నేను ఆగలేదు. రిలీజులు నెలనెలా ఉంటాయి, నీ పని ఒకరోజు ఇంకొకరు చూసుకుంటారు. ఈ వారమే తేదీ తీసుకుని నాకు రాయి. అల్లుడికి సెలవు దొరక్కపోతే నేను ముందురోజే బస్సెక్కి వస్తాను. నీతో లోపలికి వస్తాను, డాక్టరు చెప్పింది రాసుకుంటాను. నిండు నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ.

ఇట్లు,
నీ పెద్దమ్మ