జహీరాబాద్ స్మార్ట్ సిటీ: ఒకే బ్యాండ్‌లో వందల సెన్సర్లు

ప్రస్తుతాంశం

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక స్మార్ట్ సిటీల్లో తెలంగాణకు వచ్చింది జహీరాబాద్ ఒక్కటే. హైదరాబాద్–నాగపూర్ కారిడార్‌లో 3,245 ఎకరాలు, రూ.2,361 కోట్ల అంచనా. ప్రిలిమ్స్‌కు ఈ అంకెలు చాలు. జహీరాబాద్‌కు ఫ్యాక్టరీలు కొత్తేమీ కాదు. 1980ల్లో ఆల్విన్-నిస్సాన్ వాహనాలు ఇక్కడే తయారయ్యాయి, ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు వస్తున్నాయి. కొత్తగా వచ్చే యూనిట్లలో మోటార్ల కంపనం, బాయిలర్ వేడి, ట్యాంకు మట్టం కొలిచే సెన్సర్లలో చాలా వాటికి తీగలుండకపోవచ్చు. మెయిన్స్ సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్‌కు పనికొచ్చే ప్రశ్న ఇక్కడే పుడుతుంది: ఇవన్నీ ఒకే బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డుపడకుండా (ఇంటర్‌ఫియరెన్స్ లేకుండా) ఎలా నడవాలి?

ఇంటర్‌ఫియరెన్స్ ఎందుకొస్తుంది?

తీగల్లేని పారిశ్రామిక సెన్సర్లు ఎక్కువగా ఐఈఈఈ 802.15.4 ప్రమాణంతో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేస్తాయి. మన దేశంలో 2400–2483.5 మెగాహెర్ట్జ్ వాడకానికి 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. కానీ షరతుంది: అందరూ పంచుకోవాలి, ఎవరికీ రక్షణ లేదు. పక్కవాడి వైఫై వల్ల మీ సెన్సర్ మూగబోయినా ఫిర్యాదుకు తావు లేదు.

వైఫై, బ్లూటూత్, చివరికి క్యాంటీన్‌లోని మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ బ్యాండ్‌లోనే. బ్యాటరీ మీద ఏళ్ల తరబడి నడవాల్సిన సెన్సర్ 1 నుంచి 10 మిల్లీవాట్లతో సరిపెట్టుకుంటుంది. వైఫై పెట్టె 100 మిల్లీవాట్ల దాకా పోతుంది. పోటీ సమానం కాదు.

సెన్సర్ చానళ్లు 16 (11 నుంచి 26 వరకు), ఒక్కోటి 2 మెగాహెర్ట్జ్ వెడల్పు, మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్. దాదాపు 20 మెగాహెర్ట్జ్ వెడల్పుండే ఒక్క వైఫై చానల్ నాలుగు సెన్సర్ చానళ్లను కప్పేస్తుంది. వైఫైని 1, 6, 11 చానళ్లకే కట్టడి చేస్తే సెన్సర్లకు 15, 20, 25, 26 దాదాపు ఖాళీగా మిగులుతాయి. రూటర్‌ను ‘ఆటో’లో వదిలేస్తే ఆ సందులూ పోతాయి.

లోహపు యంత్రాల నుంచి తరంగాలు పరావర్తనం చెంది సిగ్నల్ క్షీణించడాన్ని మల్టీపాత్ ఫేడింగ్ అంటారు. దీన్ని ఇంటర్‌ఫియరెన్స్ కింద రాస్తే మార్కులు పోతాయి. వెల్డింగ్ రొదనూ ఇక్కడ ప్రధాన కారణంగా రాయకండి, అది ఎక్కువగా 1 గిగాహెర్ట్జ్ లోపే ఉంటుంది.

సహజీవనానికి మార్గాలు

వైర్‌లెస్ హార్ట్ (ఐఈసీ 62591) ఒక్కో సెన్సర్‌కు 10 మిల్లీసెకన్ల వంతు కేటాయిస్తుంది, వంతు వంతుకూ చానల్ మారుస్తుంది, చెడిపోయిన చానళ్లను నిషేధ జాబితాలో పెడుతుంది. దీనికి పోటీ ప్రమాణం ఐఎస్ఏ 100.11ఏ (ఐఈసీ 62734). సందేశం చేరకపోతే మెష్‌లో (ఒక సెన్సర్ సందేశాన్ని మరొకటి అందించే అల్లికలో) మరో దారిన మళ్లీ పంపవచ్చు. అయితే మళ్లీ పంపినప్పుడల్లా బ్యాటరీ కరుగుతుంది, ఆలస్యం పెరుగుతుంది. మట్టం చూసే సెన్సర్‌కు అది ఫర్వాలేదు, వాల్వ్ మూయాల్సిన చోట కుదరదు.

అసలు చిక్కు మరొకటి. ఈ వంతుల పద్ధతి ఒక నెట్‌వర్క్ లోపల మాత్రమే చెల్లుతుంది. ప్రహరీ అవతలి ఫ్యాక్టరీ వంతులు దీనికి తెలియవు. అందుకే ఐఈసీ 62657-2 ప్రమాణం పరికరాలతో ఆగకుండా నిర్వహణ గురించి చెబుతుంది: ఏ పరికరం ఏ చానల్‌లో, ఎంత పవర్‌తో నడుస్తోందో జాబితా ఉండాలి, దానికి బాధ్యుడుండాలి. ఆఫీసు వైఫైని 2018లో లైసెన్సు మినహాయింపు విస్తరించిన 5 గిగాహెర్ట్జ్‌కు మార్చవచ్చు. నీటి మీటర్లు, వీధిదీపాలను 865–868 మెగాహెర్ట్జ్‌కు పంపవచ్చు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లోని వై-సన్ అనే వైర్‌లెస్ మెష్ నెట్‌వర్క్ ఇందుకు దగ్గరి ఉదాహరణ. ఈ బ్యాండ్‌లో సిగ్నల్ దూరం పోతుంది, కాబట్టి పక్క ప్లాటుకూ పోతుంది. జవాబులో ఆ పరిమితీ రాయాలి.

జవాబు రాసేటప్పుడు

‘పవర్ పెంచాలి’ అని పరిష్కారం రాయకండి. ఝరాసంగం జాతరలో ఒక దుకాణం మైకు పెంచితే పక్క దుకాణమూ పెంచుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. రోడ్లు, డ్రైనేజీ లేఅవుట్‌తో పాటే ఉమ్మడి ఫ్రీక్వెన్సీ ప్రణాళిక గీయాలన్నది బలమైన సూచన. ప్లాట్లు నిండాక ఎవరి రూటర్‌నూ ఎవరూ మార్చుకోరు.

సాధన ప్రశ్న: లైసెన్సు అక్కర్లేని బ్యాండ్లలో పారిశ్రామిక సెన్సర్ నెట్‌వర్క్‌ల సహజీవనం సాంకేతిక సమస్యా, నిర్వహణ సమస్యా? జహీరాబాద్ ఉదాహరణతో 200 పదాల్లో చర్చించండి.