బయానా ఇచ్చేముందు, ఇచ్చాక

ప్రశ్న: మాది సిరిసిల్ల దగ్గర ఊరు. ముప్పై ఏళ్లుగా సలాబత్‌పురాలో చీరల వ్యాపారం. అమ్మాయి పెళ్లి శ్రీలంకలో, సముద్రం ఒడ్డున చేయాలని పిల్లలిద్దరి పట్టుదల. రిసార్ట్ వాళ్లు సగం డబ్బు ఇప్పుడే డాలర్లలో కట్టమంటున్నారు. 2022లో అక్కడి సంగతులు టీవీలో చూసినవాణ్ణి, చెయ్యి ఆడడం లేదు. మళ్లీ అలా అయితే నా డబ్బు గతేమిటి?
— ఒక తండ్రి, సలాబత్‌పురా, సూరత్

జవాబు: మీ భయం ఉత్తిది కాదు. అయితే అప్పుడు ఏది ఆగిపోయిందో గుర్తు చేసుకోండి. 2022 ఏప్రిల్ 12న శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు నిలిపేసింది. మార్చి మొదట్లో డాలరుకు 200 ఉన్న వాళ్ల రూపాయి మే నాటికి 360 దాకా పడింది. జూన్ ఆఖర్న అత్యవసర సేవలకు తప్ప పెట్రోలు, డీజిల్ అమ్మకం ఆపేశారు. హోటల్ తలుపులు తెరిచే ఉండొచ్చు. చుట్టాల్ని తెచ్చే బస్సుకు, మండపంలో కరెంటు పోతే నడపాల్సిన జనరేటర్‌కు డీజిల్ ఎక్కడిది?

ఒప్పందాల్లో యుద్ధం, వరద, భూకంపం అని రాస్తారు. ఇంధన కొరత, కరెంటు కోత, విమానాల రద్దు కూడా పేరు పెట్టి రాయించండి. ఏది జరిగితే డబ్బు వాపసు, ఏది జరిగితే తేదీ మార్పు, పాత ధర ఎన్నాళ్లు నిలుస్తుంది, అన్నీ కాగితం మీద ఉండాలి.

సగం ఒక్కసారే కట్టొద్దు. రంగు నమూనా చూడకుండా గ్రే తానులన్నీ డైయింగ్ మిల్లుకు పంపుతారా మీరు? బయానా కొద్దిగా ఇచ్చి, మిగతాది వాయిదాల్లో, పెద్ద వాయిదా పెళ్లి దగ్గరపడ్డాక పెట్టుకోండి. వాళ్ల రూపాయి పడితే మనకు చవకే అనేవాళ్ల మాట వినకండి. బిల్లు డాలర్లలో ఉంటే ఆ లాభం మీకు రాదు. మన రూపాయి తగ్గితే బరువు మాత్రం మీదే.

వీలైతే ఇక్కడి ఏజెంటు దగ్గరే, రూపాయల్లో, మొత్తానికి ఒకే బిల్లు తీసుకోండి. తగాదా వస్తే కొలంబో కోర్టు మెట్లెక్కే పని ఉండదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. అయితే అందుకు చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటకూడదు. బీమా తీసుకునేదుంటే ఇప్పుడే తీసుకోండి. సంక్షోభం వార్తల్లోకి ఎక్కాక కొన్న పాలసీ ఆ నష్టానికి సాధారణంగా పనికిరాదు.

ప్రశ్న: విదేశంలో పెళ్లికని మేం డబ్బు కట్టేశాం. పెళ్లికి నాలుగు నెలలుంది. ఆ దేశంలో డాలర్లకు కరువంటున్నారు. రద్దు చేసుకుంటామంటే అడ్వాన్స్ రాదంటున్నాడు ఏజెంటు. ఏం చేయాలి?
— లింబాయత్, సూరత్

జవాబు: 'రద్దు' అన్న మాట ముందు మీ నోట రానివ్వకండి. భయపడి మీరే మానుకుంటే వాళ్ల షరతులు వర్తిస్తాయి. పెళ్లి జరిపించడం వాళ్లకే అసాధ్యమైతే లెక్క వేరు. మన చట్టం వర్తించే ఒప్పందమైతే, అది చెల్లకుండా పోయినప్పుడు పుచ్చుకున్నది తిరిగివ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఇవాళే ఈమెయిల్ పెట్టండి: "ఫలానా తేదీకి గదులు, భోజనాలు, బస్సులు, జనరేటర్ ఏర్పాటు చేయగలరా? లేకుంటే ఏ తేదీకి మారుస్తారు? వారంలో జవాబివ్వండి." కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో వివాదం నమోదుకు గడువెంతో కనుక్కోండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఏజెంటు ఫోన్లో "చూసుకుందాం లెండి" అంటే, ఫోన్ పెట్టేసిన వెంటనే ఆ మాటే వాట్సాప్‌లో రాసి పంపండి. రేపు కమిషన్ ముందు చూపించడానికి మీ చేతిలో ఉండేది అదే.