సర్వర్ ప్రోగ్రామింగ్‌కు ఎడిటర్‌ను సిద్ధం చేసుకుందాం

డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నవారికి, ఎం.సి.ఎ.లో చేరబోయేవారికి పనికి వస్తుందని ఈ పాఠం రాస్తున్నాము.

సర్వర్ ప్రోగ్రాం అంటే ఏమిటి?

స్కాలర్‌షిప్ దరఖాస్తును నింపి సబ్మిట్ నొక్కుతాము. దానిని తీసుకోవాలా, తిప్పి పంపాలా అని తేల్చేది ఎక్కడో ఉన్న మరో కంప్యూటర్. అదే సర్వర్. అక్కడ నడవడానికి రాసేది సర్వర్ ప్రోగ్రాం. ఇందుకు వాడే భాషలలో పిహెచ్‌పి ఒకటి. రాస్మస్ లెర్డార్ఫ్ దీనిని 1995లో విడుదల చేశారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేది కూడా పిహెచ్‌పిలో రాసిన మీడియావికీ మీదనే. నేర్చుకోవడానికి వేరే సర్వర్ కొననక్కర లేదు. మన కంప్యూటరే సర్వర్‌గా పనిచేస్తుంది.

ఎక్స్‌టెన్షన్ ఎందుకు?

ప్రోగ్రాంను నోట్‌ప్యాడ్‌లో కూడా రాయవచ్చు. కానీ తప్పు ఎక్కడ ఉందో నోట్‌ప్యాడ్ చెప్పదు. మాలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం. పక్కన కూర్చుని "ఇక్కడ సెమికోలన్ మరిచావురా" అని చెప్పేవారు ఇంట్లో లేరు. అమీర్‌పేట వెళ్లి కోచింగ్ తీసుకునే స్తోమత అందరికీ ఉండదు. ఆ లోటును కొంతవరకు తీర్చేది ఎడిటర్‌కు తగిలించే ఎక్స్‌టెన్షన్.

మైక్రోసాఫ్ట్ వారు 2015లో విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌ను ఉచితంగా ఇచ్చారు. ఎడిటర్‌కు అన్ని భాషలూ క్షుణ్ణంగా తెలియవు. ఒక్కో భాష తెలిసిన చిన్న ప్రోగ్రాం వెనుక నడుస్తూ, మనం టైపు చేసేది చదివి, తప్పులను ఎడిటర్‌కు చెబుతుంది. దీనిని లాంగ్వేజ్ సర్వర్ అంటారు. ఈ రెండూ మాట్లాడుకునే పద్ధతిని 2016లో ప్రకటించారు. పిహెచ్‌పికి ఇంటెలిఫెన్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఈ పని చేస్తుంది. మామూలు అవసరాలకు ఉచితమే. కొన్ని అదనపు సౌకర్యాలకు మాత్రం డబ్బు కట్టాలి.

ఏర్పాటు చేసుకునే విధానం

1. ఎక్స్-ఏ-ఎం-పి-పి అనే అక్షరాలతో ఉండే జాంప్‌ను ఇన్‌స్టాల్ చేయండి. అపాచీ సర్వర్, మరియాడిబి డేటాబేస్, పిహెచ్‌పి మూడూ ఇందులోనే ఉంటాయి. కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీ ఎదురుగా స్టార్ట్ నొక్కండి.

2. విజువల్ స్టూడియో కోడ్‌లో యూజర్ ఇన్‌స్టాలర్ రకాన్ని తీసుకోండి. దీనికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి అక్కరలేదు.

3. ఎడమవైపు ఎక్స్‌టెన్షన్స్ బొమ్మను నొక్కి, పిహెచ్‌పి ఇంటెలిఫెన్స్ అని వెతికి ఇన్‌స్టాల్ చేయండి.

4. ఎడిటర్‌తో పాటే వచ్చే పిహెచ్‌పి లాంగ్వేజ్ ఫీచర్స్‌ను డిసేబుల్ చేయండి. లేకపోతే ఒకే సూచన రెండుసార్లు కనిపిస్తుంది. పిహెచ్‌పి లాంగ్వేజ్ బేసిక్స్‌ను మాత్రం అలాగే ఉంచండి. రంగులు వచ్చేది దానివల్లనే.

5. జాంప్‌లోని హెచ్‌టిడాక్స్ ఫోల్డర్‌లో మీ పేరుతో ఒక ఫోల్డర్ చేసి, ఎడిటర్‌లో ఓపెన్ ఫోల్డర్ ద్వారా తెరవండి. ఒక్క ఫైలును కాక మొత్తం ఫోల్డర్‌ను తెరిస్తేనే ఒక ఫైలులో రాసిన ఫంక్షన్‌ను మరొక ఫైలులో గుర్తిస్తుంది.

ఇప్పుడు కావాలని ఒక సెమికోలన్ తీసేయండి. ఎర్ర గీత వస్తుంది. లేని ఫంక్షన్ పేరు రాయండి. మళ్లీ వస్తుంది. అంటే ఏర్పాటు సరిగ్గా జరిగిందన్నమాట.

ఎర్ర గీత చెప్పని తప్పు

ఇక్కడ ఒక ముఖ్య విషయం. ఊరి పేరు పొడవు 20 దాటితే తిప్పి పంపే నాలుగు వరుసల ప్రోగ్రాం రాయండి. పొడవు కొలవడానికి ఎస్‌టిఆర్‌లెన్ అనే ఫంక్షన్ వాడండి. ఎర్ర గీత ఒక్కటీ రాదు. ఇంగ్లీషులో అమలాపురం అని ఇస్తే పొడవు 10, అంగీకరిస్తుంది. తెలుగులో రాజోలు అని ఇస్తే 18, అంగీకరిస్తుంది. అమలాపురం అని ఇస్తే 24, కొత్తపేట అని ఇచ్చినా 24. రెండింటినీ తిప్పి పంపుతుంది!

కారణం ఏమిటంటే, ఆ ఫంక్షన్ అక్షరాలను కాక బైట్‌లను లెక్కపెడుతుంది. యుటిఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైట్ చాలు. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్‌లు కావాలి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే. దీనికి బదులు ఎంబి అండర్‌స్కోర్ ఎస్‌టిఆర్‌లెన్ వాడితే సంకేతాలను లెక్కపెడుతుంది. అప్పుడు రాజోలు 6, అమలాపురం 8, కొత్తపేట 8 వస్తాయి. మూడూ లోపలికి వెళతాయి.

ఇది చిన్న లెక్కలా కనిపిస్తుంది. కానీ అది నిజమైన దరఖాస్తు అయితే, తన పేరును తెలుగులో రాసుకున్న పిల్లవాడు ఏ తప్పూ లేకుండానే వెనక్కి వచ్చేవాడు. ఎక్స్‌టెన్షన్ భాష తప్పులను చూపుతుంది. ఎవరి పేరు బయట ఉండిపోతోందో చూడవలసింది ప్రోగ్రాం రాసేవాడే. మన ఊళ్ల పేర్లతో పరీక్షించాలని మనకు తోచినంత త్వరగా మరొకరికి తోచకపోవచ్చు.

నెట్ లేనప్పుడు

2022 మే 24న, జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టే విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగాక, కోనసీమలో కొన్ని రోజులు ఇంటర్నెట్ నిలిపివేశారు. ఇంటి నుంచి పనిచేసేవారు సిగ్నల్ కోసం ఎంతో ఇబ్బంది పడ్డారు. తుఫాను వచ్చినా నెట్ పోవచ్చు. పై ఏర్పాటు ఒకసారి పూర్తయితే ప్రోగ్రాం రాయడానికి, నడపడానికి నెట్ అక్కరలేదు. అందుకని నెట్ ఉన్నప్పుడే ఇంటెలిఫెన్స్‌ను వి.ఎస్.ఐ.ఎక్స్. ఫైలుగా, పిహెచ్‌పి మాన్యువల్‌ను హెచ్‌టిఎంఎల్ రూపంలో డౌన్‌లోడ్ చేసి పెన్ డ్రైవ్‌లో ఉంచుకోండి. ఎక్స్‌టెన్షన్స్‌లోని మూడు చుక్కలు నొక్కి, ఇన్‌స్టాల్ ఫ్రం వి.ఎస్.ఐ.ఎక్స్. ఎంచుకుంటే చాలు.

సొంత కంప్యూటర్ లేనివారు నిరాశపడవద్దు. ఎడిటర్ యొక్క జిప్ రకాన్ని పెన్ డ్రైవ్‌లో విప్పి, ఆ ఫోల్డర్‌లో డేటా అనే పేరుతో, ఇంగ్లీషు అక్షరాలలో, ఖాళీ ఫోల్డర్ ఒకటి చేయండి. ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగులు అన్నీ అందులోనే ఉంటాయి. ల్యాబ్‌లో అనుమతి తీసుకుని ఏ కంప్యూటర్‌కు పెట్టినా మీ ఎడిటర్ మీకు దొరుకుతుంది.

ఒక పెన్ డ్రైవ్ సిద్ధమైతే హాస్టల్‌లో పదిమందికి కాపీ చేయవచ్చు. నేర్చుకున్నవారు తరువాతి బ్యాచ్ తమ్ముళ్లకు ఒక సాయంత్రం కూర్చోబెట్టి చూపించాలని కోరుతున్నాము.