తొక్కలలోని వన్నెలు: ఒక వృత్తిమార్గము

టమాటా చారు కాచి పోపు పెట్టిన పిదప, పైకి తేలిన నూనెచుక్కలను నిదానించి చూచినవారికి, క్రిందనున్న చారుకంటె ఆ చుక్కలే మిక్కిలి ఎఱ్ఱగా నుండుట గోచరించును. లైకోపీన్ అను ఆ వర్ణద్రవ్యము నీటిలో కరుగదు, నూనెలో కరుగును. గుజ్జులోకంటె తొక్కలోనే సాంద్రముగా నుండును. ద్రాక్షతొక్కలోని ఆంథోసయనిన్, బీట్‌రూట్‌లోని బీటలైన్ ఇందుకు భిన్నముగా నీటికే లొంగునవి. ఏ వన్నె దేనిలో కరుగునో, దేనికి చెడునో తెలిసికొనుటయే తొక్కలనుండి రంగు తీయు విద్యకు తొలిమెట్టు.

ఇక ముడిసరకు సంగతి. చిత్తూరు సీమలోని మామిడి గుజ్జు కర్మాగారములయొద్ద వేసవిలో తోతాపురి తొక్కలు, టెంకలు గుట్టలుగా పడుచుండుటయు, మదనపల్లె మార్కెట్టులో ధర పడిపోయిననాడు రైతు కన్నీళ్లతో టమాటాలను బాటప్రక్క పారబోయుటయు మనమెఱిగినవే. అయితే మట్టిలో కలిసిన పండునుండి ఆహారమునకు పనికివచ్చు రంగు తీయుట తగదు. కర్మాగారమున శుభ్రముగా వేరుపడిన తొక్కయే ఇందుకు యోగ్యము. అదియును తడిగా నుండుటచే ఎండకాలమున త్వరలోనే పులియనారంభించును గనుక, వెంటనే ఆరబెట్టగల ఏర్పాటు లేనిచోట ఎంత ఘనమైన యంత్రమున్నను వ్యర్థము.

ఆరిన తొక్కను పొడిచేసి, తగిన ద్రావకములో నానబెట్టి, వడగట్టి, ద్రావకమును మరల ఆవిరిచేసి తీసికొనుట సామాన్య పద్ధతి. 31 డిగ్రీల ఉష్ణోగ్రతను, సుమారు 73 రెట్ల వాతావరణ పీడనమును మించినపుడు వాయువువలె చొచ్చుకొనిపోవుచు ద్రవమువలె కరగించుకొను కార్బన్ డయాక్సైడును ఉపయోగించుట మఱియొకటి. దాని యంత్రము ఖరీదైనదైనను, సరకులో ద్రావకశేషము మిగులదు. తొక్కలనుండి రంగు తీయుట నిన్నటి విద్య కాదు: ద్రాక్షతొక్కల రంగు ఇటలీలో 1879 నుండియే విక్రయింపబడుచున్నది. రంగును తీయుటకంటె నిలుపుట కష్టతరము. వెలుతురు, ప్రాణవాయువు, వేడిమి దానిని హరించును. కావుననే మాల్టోడెక్‌స్ట్రిన్ వంటి పదార్థముతో కప్పి పొడిగా మార్చుట మొదలగు ఉపాయములు నేర్చినవారికి, తీయుట మాత్రమే నేర్చినవారికంటె గిరాకి హెచ్చు అని నా విశ్వాసము.

ఇంటర్మీడియట్ ముగించినవారు ఈఏపీసెట్ ద్వారా బాపట్లలోని వ్యవసాయ విశ్వవిద్యాలయ కళాశాలలో ఆహార సాంకేతిక శాస్త్రమున బి.టెక్. చదువవచ్చును. రసాయనశాస్త్ర పట్టభద్రులకు మైసూరులో 1950లో వెలసిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలోని ఎం.ఎస్సి. గొప్ప అవకాశము. గేట్ పరీక్షలోని ఇంజనీరింగ్ సైన్సెస్ పత్రమున ఆహార సాంకేతిక శాస్త్రము ఒక ఐచ్ఛిక భాగముగా నున్నది. ఏ మార్గమున పోయినను, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టమును, దాని క్రింది నిబంధనలను శ్రద్ధగా చదువుట మఱువరాదు. ఏ రంగును ఏ పదార్థమున ఎంతవఱకు కలుపవచ్చునో ఎఱుగని రసాయనికుని చేతి సరకు అంగడికి చేరదు.

పండ్లతొక్కల రంగులకే ప్రత్యేకించిన ఉద్యోగము తొలినాడే లభించునని ఆశింపరాదు. మిరపకాయలనుండి ఓలియోరెజిన్ అను చిక్కని సారమును తీయు కర్మాగారములలో జరుగునది దాదాపు ఇదే పని. అక్కడి ప్రయోగశాలలో రంగు గాఢతను కొలుచు స్పెక్ట్రోఫోటోమీటరు ముందు ఒకటి రెండేండ్లు గడపినవారికి ఆహారపు రంగులు, సౌందర్య సామగ్రి, వస్త్రముల అద్దకము అను మూడు రంగములందును ప్రవేశము సుకరమగును.

దరఖాస్తు వ్రాయుటకు ముందే ఇంట చేయదగిన పని యొకటి కలదు. నల్లద్రాక్ష తొక్కలను గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఆ నీటిలో కొంత తీసి నిమ్మరసము పిండినచో ఎఱుపెక్కును, మఱికొంతలో వంటసోడా వేసినచో నీలివైపు తిరుగును. మిగిలిన నీటిలోను నిమ్మరసము కలిపి, రెండు సీసాలలో పోసి, ఒకదానిని ఎండ తగులు కిటికీలోను, రెండవదానిని చీకటి అలమరలోను ఉంచి, పదిదినములు వన్నెలోని భేదమును తేదీలతో వ్రాసికొనవలెను. ఇంటర్వ్యూకు వెళ్లునపుడు పట్టాతోపాటు ఆ కాగితమును కూడ తీసికొనిపోవలెను.