మెట్లు అవే, పేర్లే వేరు

మనలో చాలామంది ఇళ్లలో పియానో ఉండదు. ఉండే వీలు కూడా తక్కువే. నిలువు పియానో ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాలి. లోపల 200కు పైగా తీగలు ఉంటాయి. ఊరు మారి గాలిలో తేమ మారితే శ్రుతి తప్పుతుంది. మూడేళ్లకోసారి సామాను లారీకెక్కించే ఇళ్లకు అది కుదిరే పని కాదు. అందుకే మనం కీబోర్డు మీదో, బడిలో సంగీతం గదిలోని హార్మోనియం మీదో మొదలుపెడతాం. అసలు చిక్కు బదిలీతో వస్తుంది. కొత్త ఊళ్లో మాస్టారు మళ్లీ మొదటి పాఠం ఎత్తుకుంటారు, పైగా ఆయన వాడే మాటలు మనకు తెలియవు. నేర్చుకోవడం మానేసేది చాలాసార్లు అక్కడే.

ముందు మెట్లను చూద్దాం. పూర్తి పియానోకు 88 మెట్లు: 52 తెల్లవి, 36 నల్లవి. ఇళ్లలో వాడే కీబోర్డుకు సాధారణంగా 61. సంఖ్య చూసి బెదరక్కర్లేదు. నల్లమెట్లు రెండు, మూడు, మళ్లీ రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. రెండు నల్లమెట్ల గుంపులో మొదటిదానికి ఎడమపక్కన ఆనుకుని ఉన్న తెల్లమెట్టును గుర్తుపడితే చాలు. 12 మెట్లకోసారి అదే అమరిక తిరిగి వస్తుంది. హార్మోనియం మీదా అంతే.

ఆ తెల్లమెట్టుకు పేర్లు మాత్రం చాలా. పాశ్చాత్య సంగీతంలో అది 'సి'. దాని మీద షడ్జమం పెట్టుకుంటే కర్ణాటక సంగీతం టీచరు 'ఒకటి శ్రుతి' అంటారు. ఉత్తరాది హార్మోనియం మాస్టారు 'సఫేద్ ఏక్' అంటారు, అంటే తెల్లది ఒకటి. దాని పక్క నల్లమెట్టు 'కాలీ ఏక్'. విజయవాడ నుంచి భోపాల్ వెళ్లినవాళ్లు ఈ రెండు ముక్కలు తెలుసుకుని వెళితే మొదటి రోజు బిక్కమొహం వేయనక్కర్లేదు.

ఇప్పుడు వాయిద్దాం. బొటనవేలు 1, చిటికెనవేలు 5. కుడిచేతి బొటనవేలిని 'సి' మీద ఉంచి వరుసగా తెల్లమెట్లు నొక్కాలి. వేళ్లు ఇలా: 1, 2, 3, మళ్లీ 1, 2, 3, 4, 5. మూడో వేలు తర్వాత బొటనవేలు అరచేతి కిందుగా జరిగి నాలుగో మెట్టు అందుకోవాలి. మొదట్లో చెయ్యి మెలిక పడినట్టుంటుంది. నెమ్మదిగా వాయిస్తే వారంలో దారికొస్తుంది. ఈ వరుసే మనకు శంకరాభరణం, హిందుస్తానీలో బిలావల్.

సరళీ వరుసలు వచ్చినవాళ్లకు మరో సౌకర్యం ఉంది. మాయామాళవగౌళకు రి, ద మాత్రమే మారతాయి: రి కోసం స పక్కనున్న నల్లమెట్టు, ద కోసం ప పక్కనున్న నల్లమెట్టు. తక్కిన స్వరాలు అవే, వేళ్ల వరుస కూడా అదే. అయితే మెట్టు నొక్కితే స్వరం నిలబడుతుందే గాని ఊగదు. గమకాలు గొంతుతోనే నేర్చుకోవాలి. కీబోర్డు మీద వెతికితే దొరకవు.

లారీ ఇంకా రాలేదా? చార్టు కాగితం మీద మెట్లు గీద్దాం. ఒక్కో తెల్లమెట్టు వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు పెట్టి 14 గీస్తే రెండు స్థాయిలు వస్తాయి. శబ్దం రాదు కాబట్టి స్వరాలు మనమే పాడుకుంటూ వేళ్లు కదపాలి. గెస్ట్‌హౌస్‌లో పక్కగదివాళ్లు మాత్రం ఏమనుకుంటారో చెప్పలేం!

ఏ పాఠం దాకా వచ్చామో టీసీలో రాయరు. అందుకని ఒక నోటుపుస్తకంలో పాఠం పేరు, 'స' ఏ మెట్టు మీద పెట్టుకున్నామో, ఏ వేళ్లు వాడామో రాసి ఉంచుదాం. కొత్త మాస్టారికి అది చూపించి, ఒక్కసారి వాయించి వినిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకే తెలుస్తుంది.

హార్మోనియం నుంచి కీబోర్డుకు మారేవాళ్లకు ఒక మాట. హార్మోనియంలో ఎడమచెయ్యి తిత్తి ఊదడంతోనే సరిపోతుంది, శబ్దం హెచ్చుతగ్గులూ తిత్తివే. పియానోలో అలా కాదు. గట్టిగా కొడితే పెద్దగా, మెల్లగా తాకితే చిన్నగా పలుకుతుంది. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరి దాన్ని తయారుచేసిందే అందుకు. ఎడమచేతికి కూడా పని పెట్టాలి. కింది 'సి' మీద చిటికెనవేలితో మొదలుపెట్టి 5, 4, 3, 2, 1, తర్వాత మూడో వేలు బొటనవేలి మీదుగా దాటి 3, 2, 1. రెండు చేతులూ కలపడం ఆ తర్వాతే.