గోనెపట్టా కింద తొంభై శాతం

చిరంజీవి నానీకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ మెసేజి రెండుసార్లు చదివాను. మూడోసారి కళ్లు లాగుతుంటే మీ పెదనాన్న చేత చదివించుకున్నాను. ఆయన మధ్యమధ్య "స్క్రమ్ మాస్టరంటే మన డ్రిల్లు మాస్టరులాగానా?" అని అడుగుతూ కథ ముందుకు సాగనివ్వలేదు. తొమ్మిదేళ్లు ప్రాజెక్టు మేనేజరుగా చేసినవాడికి ఒక సోమవారం పొద్దున ఆ పేరు తీసేసి స్క్రమ్ మాస్టరన్నారు. 40 మంది టీముని అయిదు ముక్కలు చేశారు. వాళ్ల పని వాళ్లే పంచుకుంటారు, నువ్వు అడ్డంకులు తీసిపెట్టు అన్నారు. బాధగానే ఉంటుంది మరి. 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐఎన్‌జీ బ్యాంకు ఇలాగే మారినప్పుడు హెడ్డాఫీసులో వేలమంది తమ ఉద్యోగాలకి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సొచ్చిందట. నీ కుర్చీ అయినా మిగిలింది.

ఈ ఉత్తరం అందుకు కాదులే. మొన్న మీ అమ్మ మాటల్లో ఒక ముక్క జారవిడిచింది. రాత్రి పన్నెండు దాకా నువ్వు పాత ఎక్సెల్ షీటు తెరిచి, ఎవరి పని ఎంత శాతం అయిందో ఇంకా రాసుకుంటున్నావట. పగలు బోర్డు మీద కొత్త లెక్క, రాత్రి ఇంట్లో పాత లెక్క. శుక్రవారం మీ డైరెక్టరుకి వెళ్లేది ఆ పాతదేనట.

నానీ, ఆ శాతాలు మానెయ్.

నవ్వకు. బాలానగర్ ఫ్యాక్టరీలో నేను జీతం తీసుకున్నదే వాటి కోసం. ప్లానింగ్ సెక్షన్లో గోడంత చార్టు, వారానికొక గడి. చేతిలో రెండు కొనల పెన్సిలు: అయిన పనికి నీలం, వెనకబడ్డదానికి ఎరుపు. శనివారం మధ్యాహ్నం చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నేలమీద నూనె తప్పించుకుంటూ షాపులోకి వెళ్లి ఫోర్‌మన్ని అడిగేదాన్ని. 1983లో ఒక గేర్‌బాక్సు హౌసింగ్ ఉండేది. "తొంభై శాతం అయిందమ్మా" అన్నాడు. తర్వాతి శనివారమూ తొంభయ్యే. మూడో శనివారమూ అంతే. నేను గడిలో పదింట తొమ్మిది వంతులు నీలం దిద్దాను. డిస్పాచి రోజున చూస్తే వస్తువు లేదు. బోరింగ్ చేస్తుంటే లోపల బ్లోహోల్స్, అంటే పోతలో మిగిలిన గాలి గుంటలు, బయటపడ్డాయి, ఒక్కోటి రేగుపండు పట్టేంత. ఎప్పుడో గోడవారకి దొర్లించి గోనెపట్టా కప్పేశారు. టీ తెచ్చే పిల్లాడితో సహా అందరికీ తెలుసు. చార్టుకొక్కదానికే తెలీదు.

ఆ ఫోర్‌మన్ చెడ్డవాడేం కాదు. సోమవారం మీటింగులో ఎర్రగడి ఎవరిదైతే వాణ్ణి నిలబెట్టి అడిగేవారు. కూర్చోవాలంటే తొంభై చెప్పాలి.

మన ఇంటి మేస్త్రీ పని తొంభై శాతం అయిందన్నాక గృహప్రవేశానికి ఏడాది పట్టింది. మీ అక్క పీహెచ్‌డీ తొంభై శాతం దగ్గర ఆగి మా రక్తం తాగింది. గారె తొంభై శాతం వేగిందని ఎవరైనా విస్తట్లో వేస్తారా? అయిందా, కాలేదా, అంతే అడుగు. 2001 ఫిబ్రవరిలో యూటాలో స్నోబర్డ్ అనే మంచుకొండల రిసార్టులో 17 మంది కూర్చుని మీ కొత్త పద్ధతికి మూలమైన ఎజైల్ మేనిఫెస్టో రాశారు కదా, దాని వెనకున్న 12 సూత్రాల్లోనూ ఈ ముక్క ఉంది: పనిచేసే సాఫ్ట్‌వేరే పురోగతికి అసలు కొలత అని. ఒక దశ అయ్యాకే రెండోది అనే మీ పాత మెట్ల పద్ధతి మాత్రం? 1970లో రాయిస్ అనే ఆయన ఆ మెట్ల బొమ్మ వేసి, ఇలాగే చేస్తే ప్రమాదమని ఆ వ్యాసంలోనే చెప్పాడు. లోకం బొమ్మ దించుకుంది, కింద రాసింది వదిలేసింది. మా చార్టు గతే!

రాత్రిళ్లు సరిగ్గా తింటున్నావా? మీ అమ్మ చిక్కిపోయావంది.

ఇంకోటి. ఇదంతా మీ సాఫ్ట్‌వేరు వాళ్లు కనిపెట్టారనుకోకు. స్క్రమ్ అనే మాటని 1986లో టాకేయుచి, నోనాకా అనే జపాను ప్రొఫెసర్లు వాడింది కార్లు, కెమెరాలు, కాపీయర్లు తయారుచేసేవాళ్ల గురించి. మన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో 1980లోనే క్వాలిటీ సర్కిళ్లు పెట్టారు, దేశంలో అవే మొదటివి. రెండేళ్లకి మా ఫ్యాక్టరీకీ ఆ గాలి తగిలింది. వారానికో గంట, ఆరేడుగురు పనివాళ్లు బల్లల మీద కూర్చునేవాళ్లు. ఎప్పుడూ నోరెత్తని హెల్పరొకడు, డ్రిల్లు బిట్టు విరిగినప్పుడల్లా స్టోరుకి నడిచి సంతకం పెట్టడం ఎందుకు, మెషిను పక్కనే నాలుగు పెట్టండి అన్నాడు. పెట్టారు. వాడి మొహం చూడాల్సింది. తర్వాత మా మేనేజరుకి ముచ్చటేసి తనూ రావడం మొదలెట్టాడు. ఆయనకి కుర్చీ వేశారు. ఆ వారం నుంచీ "అంతా బాగుంది సార్" తప్ప ఇంకో మాట లేదు. ఎండాకాలం వచ్చేసరికి మనుషులు రాక, మీటింగుకి తెచ్చిన బిస్కెట్లు మిగిలాయి.

మీ పొద్దుటి స్టాండప్ మీటింగు ముప్పావుగంట సాగుతోందనీ, డైరెక్టరు కూడా వస్తున్నాడనీ రాశావే, అక్కడ నాకా కుర్చీ కనిపించింది. నువ్వు పంపిన స్క్రమ్ గైడులో అది 15 నిమిషాలే, పని చేసేవాళ్ల కోసమే అని ఉంది. వాళ్లు మాట్లాడేటప్పుడు మొహాలు నీవైపు తిరుగుతున్నాయేమో చూడు. తిరిగితే అది హాజరుపట్టీ. రెండడుగులు వెనక్కి జరుగు. డైరెక్టరుకి శుక్రవారం షీటు బదులు రెండు వారాలకోసారి పూర్తయినదేదో, చిన్నదైనా సరే, నడిపి చూపించు. మొదట్లో విసుక్కుంటాడు. ఎవరైనా "కాలేదు, ఇరుక్కుపోయాను" అంటే ఆ రోజు నువ్వు గొంతు పెంచకు. నీకు మీ తాతయ్య గొంతు వచ్చింది, అందుకని చెబుతున్నాను.

ఒక మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. రెండో శనివారమే గోనెపట్టా అంచు లేచి ఉంటే నేను చూశాను. కింద ఏముందో అర్థమైంది. అడిగితే అతను చెప్పేవాడేమో, చెబితే ఎరుపు దిద్దాలి, సోమవారం ఆ ఎరుపెందుకని నన్నూ నిలబెడతారు. నీలమే దిద్దాను. నీ షీటు మాట వినగానే నాకు నిద్రపట్టనిది అందుకే.

మీ అమ్మ చెప్పిందని ఆవిడతో అనకు, నామీద పడుతుంది. ఆదివారం వస్తే ఉలవచారు పెడతాను. లాప్‌టాప్ తేకు.

ఇట్లు,
పెద్దమ్మ